దగ్గితే, తుమ్మితే, నవ్వితే మూత్రం పడిపోతోందా? ఆడవాళ్లు ఆఖర్న అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు

ఈ బాధ ఉన్నవాళ్లు ఓపీలో ఆ మాట మొదట చెప్పరు. నడుం నొప్పి అనో, తెల్లబట్ట అనో వస్తారు. చీటీ రాయడం అయ్యాక, కుర్చీలోంచి లేస్తూ, గొంతు తగ్గించి అసలు సంగతి చెబుతారు. అలా ఆఖర్న వచ్చే ప్రశ్నలను ఇక్కడ ముందుకు తెచ్చాను.

పిల్లల్ని కన్న ఆడవాళ్లందరికీ ఇది ఉండేదేగా? దీనికి వైద్యం ఎందుకు?

అందరికీ ఉండదు, కానీ చాలామందికి ఉంటుంది. నార్వేలో దాదాపు 28 వేల మంది ఆడవాళ్లను అడిగిన ఒక పెద్ద సర్వేలో నలుగురిలో ఒకరు మూత్రం పడుతోందని చెప్పారు. చాలామందికి ఉన్నంత మాత్రాన ఓర్చుకోవాల్సిన పని లేదు. మన ప్రమేయం లేకుండా రెండు చుక్కలు పడినా వైద్యశాస్త్రం దాన్ని సమస్యగానే చూస్తుంది. నేనైతే చుక్కల సంగతి తర్వాత అడుగుతాను. దీనివల్ల ఏమేం మానేశారని ముందు అడుగుతాను. బతుకమ్మ ఆడటం మానేశారా? దూరపు బస్సు ప్రయాణాలు మానేశారా? పెళ్లిళ్లకు వెళ్తే బాత్రూమ్ దగ్గరి కుర్చీ వెతుక్కుంటున్నారా? వీటిలో ఒక్కటి అవునన్నా వైద్యం చేయించుకోవాల్సిందే.

అసలు లోపల ఏం జరుగుతోంది?

మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా మూత్రం నిలుస్తుంది. సగం కూడా నిండకముందే మొదటి కబురు మెదడుకు అందుతుంది. ‘ఇప్పుడు కాదు, ఆగు’ అని మెదడు చెప్పగలిగినంత సేపు మూత్రాశయం కండరం వదులుగా ఉండి నింపుకుంటూ పోతుంది. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే. అంత చిన్న దారిని మూసి ఉంచడానికి కింద నుంచి ఆసరా కావాలి. కటి ఎముకల మధ్య జోలెలా పరుచుకున్న కండరాలు ఆ ఆసరా ఇస్తాయి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడూ వాటి మీదే నిలబడి ఉంటాయి. ఆ కండరాలు సాగినా, వాటికి వెళ్లే నరాలు దెబ్బతిన్నా దగ్గు ఒత్తిడికి దారి తెరుచుకుంటుంది. కండరాలు బాగానే ఉండి, మూత్రాశయమే వేళ కాని వేళ ముడుచుకుంటే అది వేరే సమస్య.

నాకున్నది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

పడే ముందు మూత్రం వస్తున్నట్టు అనిపించిందా లేదా అన్నది గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఏమీ అనిపించలేదు, దగ్గారు, తుమ్మారు, గట్టిగా నవ్వారు, నీళ్ల బిందె ఎత్తారు, అప్పుడే కొద్దిగా పడి ఆగిపోయింది. ఇది ఒత్తిడి వల్ల పడే రకం. కాన్పులు అయినవాళ్లలో, బరువులు ఎత్తే పని చేసేవాళ్లలో, ఏళ్ల తరబడి దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లలో ఎక్కువ.

ఒక్కసారిగా ఉధృతంగా వచ్చింది, బాత్రూమ్ దాకా ఆపుకోలేకపోయారు. ఇది తొందర రకం. కుళాయి తిప్పిన చప్పుడు విన్నా, ఇంటికొచ్చి తలుపు తాళం తీస్తున్నా రావడం దీని గుర్తు. పగలు 8 సార్లకు మించి, రాత్రి రెండు మూడు సార్లు లేవడం కూడా దీనితోపాటే ఉంటుంది.

రెండూ ఉన్నవాళ్లు చాలామందే. వాళ్లకు ఎక్కువ బాధ పెడుతున్న దానితో వైద్యం మొదలవుతుంది.

మూడో రకం అరుదే గానీ తప్పిపోకూడనిది. మూత్రాశయం ఖాళీ కాక, నిండి పొర్లి చుక్కలు చుక్కలుగా కారడం. ఎన్నో ఏళ్లుగా షుగర్ ఉండి నరాలు మొద్దుబారినవాళ్లలో, వెన్నెముక జబ్బులున్నవాళ్లలో, గర్భసంచి బాగా జారినవాళ్లలో చూస్తాం. వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టు అనిపిస్తుంది, ధార సన్నగా వస్తుంది.

రాత్రీ పగలూ తేడా లేకుండా, పడుకున్నా నిలబడినా కారుతూనే ఉంటే, అదీ కష్టమైన కాన్పు తర్వాతో గర్భసంచి ఆపరేషన్ తర్వాతో మొదలైతే, మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. దానికి వ్యాయామాలూ మాత్రలూ పనిచేయవు. ఆపరేషన్‌తో మూస్తారు. ‘పుండు మానితే తగ్గుతుంది’ అని ఇంట్లో కూర్చోకండి.

సిజేరియన్ అయినవాళ్లకు ఇది రాదంటారు. నాకెందుకు వచ్చింది?

తెలంగాణలో ఈ ప్రశ్న ఎక్కువగా వినిపించడంలో వింత లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఆ నార్వే సర్వేలో 65 ఏళ్ల లోపువాళ్ల మీద 2003లో వచ్చిన లెక్క చూడండి: పిల్లలు పుట్టని ఆడవాళ్లలో 10 శాతానికి, సిజేరియన్ అయినవాళ్లలో దాదాపు 16 శాతానికి, మామూలు కాన్పు అయినవాళ్లలో 21 శాతానికి ఈ సమస్య ఉంది. తొమ్మిది నెలలు మోసిన బరువే కండరాలను సాగదీస్తుంది, కోత పెట్టి తీసినా ఆ మోత తప్పలేదు కదా. వయసు పెరిగేకొద్దీ రెండు రకాల కాన్పుల మధ్య తేడా ఇంకా తగ్గుతుంది. కాబట్టి మూత్రం పడుతుందన్న భయం ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాకూడదు.

కాన్పు తర్వాత మొదటి వారాల్లో కొద్దిగా పడితే కంగారొద్దు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. మూడు నెలలు దాటినా ఉంటే చూపించుకోవాలి. బాలింతకు పథ్యం పేరుతో నీళ్లు, కూరలు తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దానివల్ల మలబద్ధకం వచ్చి ముక్కుతూ ఉంటే అప్పటికే సాగిన కండరాల మీద ఇంకా భారం పడుతుంది. నడికట్టు పొట్టకు ఆసరాగా అనిపించవచ్చు గానీ కింది కండరాలకు బలం ఇవ్వదు. మరీ బిగించి కడితే ఒత్తిడి అంతా కిందికే దిగుతుంది.

గర్భసంచి తీసేయించుకుంటే ఈ బాధ పోతుందని చెప్పారు. నిజమేనా?

కాదు. దయచేసి ఈ ఒక్క జవాబు పక్కింటివాళ్లకూ చెప్పండి.

మూత్రాశయం, గర్భసంచి పక్కపక్కనే ఉన్నా వేర్వేరు అవయవాలు. మూత్రం పడటం అనే ఒక్క కారణంతో గర్భసంచి తీయడం వైద్యం కాదు. తీసినప్పుడు దాని చుట్టూ ఉన్న ఆసరా, నరాలు దెబ్బతింటే కొందరికి అంతకు ముందు లేని సమస్య మొదలవుతుంది కూడా. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి, మూత్రనాళం లోపలి పొర పలచబడుతుంది. 2015-16 జాతీయ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. మన దగ్గర కత్తి ఎంత తేలిగ్గా బయటకు వస్తోందో ఈ అంకెలే చెబుతున్నాయి. ‘పిల్లలు అయిపోయారుగా, ఇంకెందుకు’ అన్న మాట వినగానే సంతకం పెట్టకండి. ఇంకో డాక్టరును అడిగే హక్కు మీకుంది.

గర్భసంచి బాగా కిందికి జారి బయటకు కనిపిస్తున్నప్పుడు సంగతి వేరు. దానికి ఆపరేషన్ అవసరం కావచ్చు. వద్దనుకునేవాళ్లకు గర్భసంచిని ఆపి ఉంచేలా లోపల పెట్టే రింగు (పెసరీ) కూడా ఉంది.

వ్యాయామాలతో తగ్గుతుందంటున్నారు. ఎలా చేయాలి?

అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో వీటి గురించి రాశారు, ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. చాలామంది ‘చేశానండీ, ఏం లాభం లేదు’ అంటారు. ఎలా చేశారో చూపించమంటే పొట్ట బిగిస్తారు, లేదా కిందికి ముక్కుతారు. అలా ముక్కితే సమస్య పెరుగుతుంది. 1991లో అమెరికాలో 47 మందికి నోటిమాటగా చెప్పి చేయించి చూస్తే సగం మందే సరిగ్గా చేయగలిగారు, నాలుగో వంతు మంది నష్టం చేసేలా చేశారు. అందుకని నిదానంగా చదవండి.

ముందు కండరం ఏదో పట్టుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటకు రాకుండా బిగపట్టుకుంటాం కదా, అలా మలద్వారం దగ్గర బిగించి, ఆ బిగింపును ముందుకు, మూత్రం వచ్చే దారి దాకా తీసుకురండి. లోపలికీ పైకీ లాగినట్టు అనిపించాలి. తొడలు, పిరుదులు, పొట్ట కదలకూడదు. ఊపిరి బిగబట్టకూడదు, పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది. అనుమానం ఉంటే శుభ్రమైన వేలు యోనిలో పెట్టి చూసుకోండి, వేలి చుట్టూ బిగుసుకుని లోపలికి లాగినట్టు తెలియాలి. లేదా చేతి అద్దంలో చూడండి, ఆ భాగం లోపలికి వెళ్లాలి. బయటకు ఉబికితే తప్పు చేస్తున్నట్టే.

మొదట 3 సెకన్లు బిగించి, అంతసేపూ వదలండి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే, పూర్తిగా వదిలాకే మళ్లీ బిగించాలి. వారాలు గడిచేకొద్దీ 10 సెకన్ల దాకా పెంచండి. ఒక విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు. ప్రతి విడత చివర్లో టకటకా బిగించి వదిలేవి కొన్ని చేయండి, తుమ్ము వచ్చినప్పుడు పనికొచ్చేవి అవే. పాలు కాగేటప్పుడు, సీరియల్ మధ్య ప్రకటనల్లో, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎక్కడైనా చేయవచ్చు, ఎవరికీ కనిపించదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం రోజూ వ్యాయామంగా చేయవద్దు. అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోయే అవకాశం ఉంది.

3 నెలలు వదలకుండా చేయాలి. రెండు వారాలకే ఆపేసి ఫలితం లేదనడం సరికాదు. ఒత్తిడి రకం ఉన్నవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2018 కొక్రేన్ సమీక్షలో, వ్యాయామాలు చేసినవాళ్లలో నూటికి 56 మంది నయమైందన్నారు, చేయనివాళ్లలో 6 మందే ఆ మాట అన్నారు. మందూ కోతా లేకుండా వచ్చిన ఫలితం అది.

ఇంకో కిటుకు: దగ్గు వస్తోందని తెలియగానే, బిందె ఎత్తబోయే ముందు, గట్టిగా బిగించి అప్పుడు దగ్గండి, ఎత్తండి. దీన్ని అలవాటు చేసుకున్నవాళ్లలో కొందరికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. కటి భాగంలో నొప్పి, కలయికలో నొప్పి ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. వాళ్ల కండరాలు ఇప్పటికే బిగుసుకుని ఉండవచ్చు. ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ఆపుకోలేని తొందరకు కూడా ఇవేనా?

ఇవీ కావాలి, మూత్రాశయానికి శిక్షణా కావాలి. ముందు 3 రోజులు ఒక నోటు పుస్తకంలో రాయండి: ఎన్ని గంటలకు వెళ్లారు, పాత కొలగిన్నెతో కొలిస్తే ఎంత వచ్చింది, ఏం తాగారు, ఎప్పుడు పడింది. గంటకోసారి వెళ్తున్నట్టు తేలితే ఈ వారం గంటంబావు చేయండి. నిలదొక్కుకున్నాక ఇంకో పావుగంట. అలా రెండున్నర, మూడు గంటల దాకా. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకండి. ఉన్నచోటే నిలబడి లేదా కూర్చుని ఐదారుసార్లు టకటకా బిగించండి, మనసు మళ్లించండి. ఆ ఉధృతి నిమిషంలో తగ్గుతుంది. తగ్గాక నెమ్మదిగా నడిచి వెళ్లండి. కనీసం 6 వారాలు పడుతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని గడప దాటిన ప్రతిసారీ వెళ్లే అలవాటు వల్ల కొద్ది మూత్రానికే కబురు పంపడం మూత్రాశయానికి అలవాటవుతుంది.

ప్రయాణాల్లో పడకూడదని నీళ్లు మానేస్తున్నాను. తప్పా?

మీ తప్పు కాదు. బస్టాండుల్లో, బడుల్లో, పని చేసే చోట శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం తప్పు. కానీ నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం తోడవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు లీటర్లు తాగాలి. ఎండలో పొలం పని చేసేవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. ఒక్కసారే చెంబెడు తాగకుండా కొద్దికొద్దిగా తాగండి, రాత్రి లేవాల్సి వస్తుంటే సాయంత్రం తర్వాత తగ్గించండి. బయటి మరుగుదొడ్డి కమోడ్ మీద కూర్చోవడానికి అసహ్యమేసి గాల్లో వంగి నిలబడతారు చాలామంది. అలా ఉంటే కండరాలు వదులు కావు, మూత్రం మిగిలిపోతుంది. కాగితం పరిచి కూర్చోండి, లేదా కింద కూర్చునే దొడ్డి ఉంటే దాన్నే వాడండి.

కాఫీ, టీ మానాలా?

తొందర రకం ఉంటే రోజుకు ఒకటో రెండో చాలు. రెండు వారాలు తగ్గించి చూడండి, మీకు తేడా ఉందో లేదో తెలిసిపోతుంది.

బరువు తగ్గితే ఉపయోగముందా?

ఉంది, అనుకున్నదానికన్నా ఎక్కువ. 2009లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో సగటున 8 శాతం బరువు తగ్గినవాళ్లలో మూత్రం పడటం దాదాపు సగానికి తగ్గింది. 80 కిలోలు ఉన్నావిడ ఆరేడు కిలోలు తగ్గితే చాలన్నమాట.

షుగర్, బీపీ మాత్రలకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంటుంది. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే మూత్రమే ఎక్కువ తయారవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు షుగర్‌ను మూత్రంలోకి పంపి పనిచేస్తాయి, కాబట్టి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది. బీపీకి వాడే రామిప్రిల్, ఎనాలాప్రిల్ కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి. ఆ దగ్గుతో మూత్రం పడుతుంది, మాత్ర మారిస్తే రెండూ పోతాయి. బీపీకే వాడే ప్రాజోసిన్ మూత్రనాళాన్ని వదులు చేస్తుంది. ఫ్యూరోసెమైడ్ నీరు తీసే మాత్ర. ఏదీ సొంతంగా ఆపకండి, అన్ని మాత్రల చీటీలూ డాక్టరుకు చూపించండి.

మూత్రంలో మంట కూడా ఉంది. వేడి చేసిందా?

సబ్జా నీళ్లు, మజ్జిగ తాగండి, హాయిగా ఉంటుంది. కానీ మంట, మాటిమాటికీ రావడం, చెడు వాసన కొత్తగా మొదలైతే ఇన్ఫెక్షన్ కావచ్చు, మూత్ర పరీక్ష చేయించాలి. ఇన్ఫెక్షన్ తగ్గితే పడటం కూడా ఆగిపోయేవాళ్లున్నారు.

ముట్లుడిగాక ఎక్కువైంది. ఎందుకు?

ఈస్ట్రోజెన్ తగ్గి యోని, మూత్రనాళం లోపలి పొరలు పలచబడి ఎండిపోతాయి. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము లోపల రాసుకుంటే తొందర, మంట, పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు మాత్రం తమ క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకూడదు.

మాత్రలతో నయమవుతుందా?

మాత్రలు ముఖ్యంగా తొందర రకానికే. సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్, ఆక్సిబ్యుటినిన్ లాంటివి మూత్రాశయాన్ని శాంతపరుస్తాయి, కానీ నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. కొన్ని రకాల నీటికాసులు ఉన్నవాళ్లకు ఇవి పడవు. పెద్ద వయసువాళ్లలో మతిమరుపు, తికమక పెంచుతాయి, ముఖ్యంగా ఆక్సిబ్యుటినిన్. మిరాబెగ్రాన్‌లో ఈ ఇబ్బందులు తక్కువ, దానికి బీపీ చూసుకుంటూ ఉండాలి. నాలుగైదు వారాలు వాడాకే ఫలితం తేల్చాలి.

ఆపరేషన్ ఎప్పుడు?

ఒత్తిడి రకానికి వ్యాయామాలు సరిగ్గా చేసినా తగ్గకపోతే, ఇంక పిల్లలు వద్దనుకున్నాక. మూత్రనాళం కింద ప్లాస్టిక్ వలతో చేసిన సన్నని పట్టీ ఆసరాగా పెట్టే పద్ధతిని స్వీడన్ డాక్టరు ఉల్‌మ్‌స్టెన్ బృందం 1996లో వెలుగులోకి తెచ్చింది. చాలామందికి బాగా పనిచేసింది. కొందరికి మాత్రం ఆ ప్లాస్టిక్ వల పుండు పడి, తీరని నొప్పి మిగిలింది. బ్రిటన్ 2018 జూలైలో దాని వాడకాన్ని ఆపి కట్టడి పెట్టింది. అమెరికా 2019 ఏప్రిల్‌లో గర్భసంచి, మూత్రాశయం జారినప్పుడు యోని గుండా పెట్టే వలల అమ్మకం ఆపించింది. మూత్రం పడటానికి పెట్టే పట్టీలకు ఆ ఉత్తర్వు వర్తించదు. సొంత ఒంటి పొరతోనే పట్టీ చేసే పద్ధతి, కుట్లతో పైకి లేపి కట్టే పద్ధతి కూడా ఉన్నాయి. ‘లోపల వల పెడుతున్నారా, తర్వాత తీయాల్సి వస్తే ఎలా’ అని సంతకానికి ముందే అడగండి.

తొందర రకానికి మాత్రలు పనిచేయనప్పుడు మూత్రాశయం గోడలో బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ వేయించుకోవాలి.

ఈ లోపల బట్టలు, ప్యాడ్లు ఎలా?

నెలసరి ప్యాడ్ మూత్రాన్ని సరిగ్గా పీల్చదు. మూత్రం కోసం చేసిన ప్యాడ్లు మందుల షాపుల్లో దొరుకుతాయి. నూలు గుడ్డ వాడితే తడవగానే మార్చి, ఎండలో ఆరేయండి. సబ్బుతో పదేపదే కడిగితే చర్మం పగులుతుంది, నీళ్లు చాలు. తుడిచాక పల్చగా పెట్రోలియం జెల్లీ రాస్తే ఒరుసుకోదు.

పూజ చేయవచ్చా? నమాజు సంగతేమిటి?

ఈ బెంగతో గుడి మానేసిన అమ్మలు ఎందరో. నా మట్టుకు నాకు ఒంట్లోని బాధ అపవిత్రం కాదు. బట్ట మార్చుకుని వెళ్లండి. ముస్లిం సోదరీమణులకు, ఆగకుండా కారేవాళ్లు ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడం) చేసుకుని చదవవచ్చనే సడలింపు హనఫీ ఫిఖాలో (ఇస్లాం ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటి) ఉంది. మీ పెద్దలను అడిగి తెలుసుకోండి.

మా అత్తగారికి 78 ఏళ్లు. మంచంలోనే పోతున్నారు. ఏం చేయాలి?

ముందు విసుక్కోకండి, ఆవిడ కావాలని చేయడం లేదు. ఈ వయసులో చాలాసార్లు మూత్రాశయం కన్నా మోకాళ్లు ఎక్కువ కారణం. లేచి, చీకట్లో నడిచి, లంగా బొందు ముడి విప్పేలోపే అయిపోతుంది. మంచం పక్కన కమోడ్ కుర్చీ, దారిలో చిన్న లైటు, బొందుకు బదులు ఎలాస్టిక్ లంగా లేదా నైటీ ఏర్పాటు చేయండి. రెండు గంటలకోసారి మీరే అడిగి తీసుకెళ్లండి. నాలుగు రోజుల్లో కొత్తగా మొదలైతే ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్త మాత్ర ఈ మూడూ చూడండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మూత్రంలో నెత్తురు పడితే, నొప్పి లేకపోయినా సరే. చలిజ్వరంతో నడుం పక్కన నొప్పి ఉంటే. కాళ్లు బలహీనపడి, కూర్చునే చోట తిమ్మిరెక్కి, మూత్రం బిగుసుకుపోయినా తెలియకుండా పోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెన్నులో నరాలు నొక్కుకుపోతున్నాయేమో చూడాలి.

ఎవరికి చూపించాలి? మగ డాక్టరుకు చెప్పలేను.

గైనకాలజిస్టు దగ్గర మొదలుపెట్టండి. అవసరమైతే యూరాలజిస్టుకు వాళ్లే పంపుతారు. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి. పరీక్షలకు భయపడకండి. మూత్ర పరీక్ష, షుగర్, దగ్గించి చూడటం, మూత్రం పోశాక ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడటం చాలామందికి సరిపోతాయి. గొట్టం పెట్టి ఒత్తిడి కొలిచే పరీక్ష అందరికీ అక్కర్లేదు. పరీక్ష చేసేటప్పుడు నర్సునో మీ ఆడమనిషినో పక్కన ఉంచమని అడగవచ్చు.

నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి: ‘నాకు మూత్రం ఆగడం లేదు, ఎన్నాళ్ల నుంచి, ఎప్పుడెప్పుడు.’ దాంతోపాటు ఆ 3 రోజుల నోటు పుస్తకం, వాడే మాత్రల చీటీలు, కాన్పుల, ఆపరేషన్ల కాగితాలు తీసుకెళ్లండి.